అమెరికా పన్ను సంఖ్యకు నోటరీ ముద్ర చాలదు

భర్త అమెరికాలో హెచ్‌-1బీ ఉద్యోగి, భార్య ఇంకా స్వగ్రామంలోనే. ఇద్దరూ అక్కడ ఉమ్మడి రిటర్ను దాఖలు చేయదలిస్తే, సామాజిక భద్రత సంఖ్యకు అర్హత లేని భార్యకు ఐటిన్‌ అనే తొమ్మిదంకెల పన్ను సంఖ్య అవసరం. అందుకు డబ్ల్యూ-7 దరఖాస్తును రిటర్నుతో జతపరచి అక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు పంపాలి. ఉమ్మడి రిటర్నులో భార్యకు ఇక్కడ వచ్చే కౌలు, వడ్డీ కూడా చూపాల్సిందే. ఈ సంగతి చాలామంది ముందుగా ఆలోచించరు.

చిక్కంతా గుర్తింపు పత్రాల వద్దే. నోటరీ ముద్ర వేయించిన జిరాక్సు ప్రతి చెల్లదు. అసలు పత్రమైనా, దానిని జారీ చేసిన కార్యాలయమే ధ్రువీకరించిన నకలైనా ఉండాలి. గుర్తింపును, విదేశీయతను ఒంటరిగా రుజువు చేసేది పాస్‌పోర్టు ఒక్కటే. జాతీయ గుర్తింపు కార్డుపై గడువు తేదీ ఉండాలన్నది నిబంధన. ఆధార్‌పై అది ఉండదు. దరఖాస్తులో ఇంటిపేరు, అసలు పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి.

విదేశాల నుంచి వచ్చే దరఖాస్తుల పరిశీలనకు తొమ్మిది నుంచి పదకొండు వారాలు పడుతుంది. వీసా ఇంటర్వ్యూకు సిద్ధమవుతున్న ఇల్లాలు అన్నాళ్లు పాస్‌పోర్టును వదులుకోలేదు. ఐఆర్‌ఎస్‌ అనుమతి పొందిన ధ్రువీకరణ ఏజెంటు అసలు పాస్‌పోర్టును పరిశీలించి, తిరిగి ఇచ్చివేసి, తన ధ్రువపత్రాన్ని దరఖాస్తుకు జతచేస్తారు. దేశాలవారీ ఏజెంట్ల జాబితా ఐఆర్‌ఎస్‌ వెబ్‌సైట్‌లో ఉంది. రుసుము చెల్లించే ముందే అందులో పేరు సరిచూసుకోవాలి. అమెరికా కాన్సులేట్లలోనూ ధ్రువీకరణ సేవలు పొందే వీలుంది.

ఇక్కడ నివసించే భారత పౌరులైన తల్లిదండ్రులను ఆశ్రితులుగా చూపి ఐటిన్‌ పొందడం కుదరదు. ఐటిన్‌ వచ్చినంత మాత్రాన ఉద్యోగం చేసే హక్కు కూడా లభించదు. వరుసగా మూడేళ్లు రిటర్నులో వాడకపోతే దాని గడువు తీరిపోతుంది.