కౌమార వయసులో బరువు, అలవాట్లు: పరిసరాల పాత్ర

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 10 నుంచి 19 ఏళ్ల వయసు కౌమారం. ఈ కాలంలో ఎముక, కండ, కొవ్వు వేగంగా పెరుగుతాయి, ఆకలీ పెరుగుతుంది. ఏ పూట ఏం తింటారు, ఎంతసేపు ఆడతారు, ఎప్పుడు పడుకుంటారు, అద్దంలో తమను తాము ఎలా చూసుకుంటారు అన్న అలవాట్లు స్థిరపడేదీ అప్పుడే. లావైన పిల్లలకు నోరు కట్టుకోవడం రాదని, సన్నబడాలని తిండి మానే పిల్లలది మొండితనమని అనడం మన ఇళ్లలో పరిపాటి. కొన్ని దశాబ్దాలుగా జరుగుతున్న పరిశోధనలు మాత్రం ఇంటి మాటలు, బడి వేళలు, వీధి కొట్టు, టీవీ తెర, స్నేహితుల బృందం ఈ అలవాట్లను ఎంతగా మలుస్తాయో చూపుతున్నాయి.

భారతదేశంలో ఈ విషయాన్ని ఊబకాయానికే పరిమితం చేసి చూడకూడదు. 2016-18 మధ్య జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ప్రకారం 10-19 ఏళ్ల వారిలో 24 శాతం మంది ఉండవలసిన దానికంటే బక్కగా ఉన్నారు. అధిక బరువు ఉన్నవారు 5 శాతం. ప్రపంచం మొత్తం మీద పరిస్థితి తారుమారైంది. 5-19 ఏళ్ల వారిలో ఊబకాయుల వాటా (9.4 శాతం) తక్కువ బరువున్న వారి వాటాను (9.2 శాతం) దాటిందని యునిసెఫ్ 2025లో ప్రకటించింది. దక్షిణాసియా ఇంకా ఆ గీత దాటలేదు. ఒకే తరగతి గదిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో రెండు సమస్యలూ పక్కపక్కనే ఉంటాయి.

పుట్టకముందే మొదలు

హైదరాబాద్ దగ్గరలోని 29 పల్లెల్లో 1987-90 మధ్య ఒక ప్రయోగం జరిగింది. 15 పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీల ద్వారా అదనపు ఆహారం అందింది, మిగతా 14 పల్లెలకు ఆ పథకం అప్పటికి రాలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్లకు వచ్చాక, 2003-05లో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, వారి సహచరులు మళ్లీ వెళ్లి పరీక్షించారు. ఆహారం అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉన్నారు. ఇన్సులిన్‌కు వారి శరీరం మెరుగ్గా స్పందించింది, రక్తనాళాల బిరుసుతనమూ తక్కువగా ఉంది. శరీరంలో కొవ్వు పాలు మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకటే. తల్లి కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో అందిన తిండి పదిహేనేళ్ల తర్వాత కూడా దేహంలో కనిపిస్తుందనడానికి తెలుగు నేల మీద దొరికిన గట్టి ఆధారం ఇది. బరువు తూచే యంత్రం ఒక్కటే ఆరోగ్యం చెప్పదని కూడా ఇది చూపింది.

ఇంటి మాట

కౌమారుల తిండి అలవాట్లపై ఏళ్ల తరబడి సాగిన అధ్యయనాల్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారి ‘ప్రాజెక్ట్ ఈట్’ ముఖ్యమైనది. డయాన్ న్యూమార్క్-స్టైనర్ నాయకత్వంలో 1998-99లో మినియాపొలిస్, సెయింట్ పాల్ ప్రాంతపు 31 బడుల నుంచి 4,746 మందితో ఇది మొదలైంది. ఇంటిల్లిపాదీ తరచూ కలిసి భోంచేసే ఇళ్ల పిల్లలు పండ్లు, కూరగాయలు ఎక్కువగా తింటున్నారని తేలింది. అలాంటి ఇళ్ల ఆడపిల్లల్లో బరువు తగ్గడానికి ప్రమాదకరమైన దారులు పట్టేవారు కూడా తక్కువ.

ఇంకో ఫలితం తల్లిదండ్రులందరికీ తెలియాల్సినది. భోజనం మానేయడం, కడుపు మాడ్చుకోవడం వంటి పద్ధతులతో బరువు తగ్గాలని చూసిన పిల్లలు ఐదేళ్ల తర్వాత అధిక బరువుతో ఉండే అవకాశం, అలా చేయని వారితో పోలిస్తే సుమారు మూడు రెట్లు. 2009-10లో మరో 2,793 మందితో సాగిన దశలో, బరువు గురించి ఇంట్లో పదేపదే మాట్లాడే తల్లిదండ్రుల పిల్లల్లో అనారోగ్యకరమైన తిండి అలవాట్లు ఎక్కువగా కనిపించాయి. బరువు ఊసెత్తకుండా మంచి తిండి గురించి మాత్రమే మాట్లాడిన ఇళ్లలో అవి తక్కువ. ఇవి గమనించి రాసుకున్న లెక్కలే గనుక ఏది కారణమో, ఏది ఫలితమో పూర్తిగా తేల్చవు. పిల్లవాడి బరువు పెరగడం చూసే తల్లిదండ్రులు మాట్లాడటం మొదలుపెట్టి ఉండవచ్చు. అయినా పెళ్లి పందిట్లో పదిమంది ముందు “బాగా ఒళ్లొచ్చిందే, ఇలాగైతే సంబంధాలెలా వస్తాయే” అని పదిహేనేళ్ల పిల్లను అనడం వల్ల మేలు జరిగే అవకాశం ఈ అధ్యయనాల్లో కనిపించలేదు. సన్నగా ఉన్న కుర్రాణ్ణి “గాలొస్తే ఎగిరిపోతావురా” అని నవ్వడం కూడా అలాంటిదే.

తెర

ఫిజీ దీవుల్లో నిండైన శరీరానికి గౌరవం ఉండేది. మనిషి చిక్కిపోతే బంధువులు కంగారుపడేవారు, మన పెద్దవాళ్లు “ఏంటమ్మా ఇలా చిక్కిపోయావు” అని అడిగినట్టే. 1995లో నడ్రోగా ప్రాంతానికి టెలివిజన్ వచ్చింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్ బెకర్ టీవీ వచ్చిన కొద్దికాలానికి ఒకసారి, 1998లో ఇంకోసారి అక్కడి బడి బాలికలను ప్రశ్నించారు. తిండి పట్ల రుగ్మతను సూచించే మార్కులు వచ్చినవారు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. బరువు తగ్గడానికి వాంతి చేసుకుంటున్నామన్నవారు మొదటిసారి ఒక్కరూ లేరు, రెండోసారి 11.3 శాతం. రెండు సార్లూ అడిగినది 60 మందికి పైబడిన చిన్న బృందాలనే, పైగా రెండోసారి అడిగినది వేరే పిల్లలను. అందుచేత అంకెలను జాగ్రత్తగానే పట్టుకోవాలి.

ఆమె బృందం 2011లో ప్రచురించిన అధ్యయనం మరింత ఆలోచింపజేస్తుంది. బాలిక స్వయంగా ఎంత చూసింది అన్నదానికంటే ఆమె స్నేహితురాళ్లు ఎంత చూస్తున్నారు అన్నదానికే తిండి రుగ్మతతో గట్టి సంబంధం కనిపించింది. ఒక ఇంట్లో టీవీ కట్టేసినంత మాత్రాన, ఒక పిల్ల చేతిలో ఫోను లాక్కున్నంత మాత్రాన ఆ ప్రభావం ఆగిపోదని దీని అర్థం.

బడి, హాస్టల్, నిద్ర

5-17 ఏళ్ల వారికి రోజూ సగటున 60 నిమిషాల శ్రమ, ఆట అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 2016 నాటి సమాచారంతో వేసిన లెక్కలో ప్రపంచంలోని 11-17 ఏళ్ల వారిలో 81 శాతం మందికి అది అందడం లేదు. బాలురలో 78, బాలికల్లో 85 శాతం. ఈ తేడా బద్ధకం వల్ల వచ్చింది కాదు. మన ఊళ్లలో ఏడో తరగతి వరకు వీధిలో సైకిలు తొక్కిన పిల్లను పెద్దమనిషి అయ్యాక ఇంట్లో కూర్చోబెడతారు. మైదానం అన్నదమ్ములకు మిగులుతుంది.

2009 విద్యా హక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటుంది, కానీ ఆ చట్టం పరిధి 14 ఏళ్ల వరకే. తెలుగు రాష్ట్రాల్లో పిల్లల ఆట పూర్తిగా ఆగిపోయేది సరిగ్గా ఆ తర్వాతే. పదో తరగతిలో గేమ్స్ పీరియడ్ లెక్కల పీరియడ్ అవుతుంది. ఇంటర్మీడియట్‌లో జేఈఈ, నీట్, ఎప్‌సెట్ కోసం ఎందరో అపార్టుమెంట్లలో నడిచే రెసిడెన్షియల్ కళాశాలలకు చేరతారు. తెల్లవారుజాము స్టడీ అవర్‌తో మొదలయ్యే రోజు రాత్రి స్టడీ అవర్‌తో ముగుస్తుంది. 13-18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలన్నది వైద్యుల సలహా. నిద్ర తగ్గితే ఆకలి లెక్క తప్పుతుంది. షికాగో విశ్వవిద్యాలయం 2004లో ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూస్తే, తృప్తిని తెలిపే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి రేపే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. ఎక్కువగా తినాలనిపించినవి తీపి, ఉప్పు, పిండి పదార్థాలు. మెస్‌లో రాత్రి భోజనం త్వరగా ముగిసి, పదకొండింటి దాకా చదివే కుర్రాడి పెట్టెలో చిప్స్ ప్యాకెట్లు ఎందుకుంటాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనం మంచి పరిసరం ఎలా ఉండాలో చూపే ఉదాహరణ. వేళకు వేడి అన్నం, పప్పు, గుడ్డు అందరికీ ఒకే బంతిలో అందుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి డొక్కా సీతమ్మ పేరుతో ఈ భోజనం ప్రభుత్వ జూనియర్ కళాశాలలకూ వచ్చింది.

గేటు బయట

ఐదు, పది రూపాయల చిన్న ప్యాకెట్ వల్ల చిప్స్, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు పిల్లల జేబుకు అందాయి. అదే డబ్బుకు చాలాచోట్ల జామకాయ కూడా రాదు. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువైన పదార్థాలను బడిలోనూ గేటు నుంచి 50 మీటర్ల లోపలా అమ్మకూడదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో నిబంధన చేసింది. దాన్ని గట్టిగా అమలు చేస్తే మొదట దెబ్బ తగిలేది గేటు పక్క బడ్డీకొట్టు వాళ్లకు, ప్యాకెట్ తయారుచేసిన కంపెనీకి కాదు.

చిలీ దేశం తయారీదారు వైపు నుంచి మొదలుపెట్టింది. 2016 జూన్ నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన ప్యాకెట్ల మీద నల్లటి ఎనిమిది పలకల హెచ్చరిక గుర్తు తప్పనిసరి చేసింది. వాటిని బడుల్లో అమ్మడం, 14 ఏళ్ల లోపు వారికి ప్రకటనలివ్వడం నిషేధించింది. ఏడాదిన్నరలో ఆ గుర్తున్న పానీయాల కొనుగోలు దాదాపు 24 శాతం తగ్గింది. భారతదేశంలో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022 నాటి ముసాయిదా హెచ్చరికకు బదులు నక్షత్రాల రేటింగు ప్రతిపాదించింది. 2025 మేలో సీబీఎస్‌ఈ తన బడుల్లో ఏ పానీయంలో ఎంత చక్కెర ఉందో చూపే బోర్డులు పెట్టమంది. ఆ ఆదేశం సీబీఎస్‌ఈ బడులకే, తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువమంది చదివే రాష్ట్ర బోర్డు బడులు దాని పరిధిలోకి రావు.