కొండ ప్రాంతాలలో థైరాయిడ్: పాత కారణం, కొత్త కారణం

అరకు వంటి కొండ ప్రాంతాలలో మెడవాపు కనబడితే ముందుగా తోచేది అయోడిన్ లోపం. ఈ అవగాహనకు ఒక చరిత్ర ఉంది. శ్రీకాకుళంలో జన్మించి, విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు 1956లో హిమాలయ ప్రాంతపు కాంగ్రా లోయలో అధ్యయనం ప్రారంభించారు. అయోడిన్ కలిపిన ఉప్పుతో గాయిటర్ తగ్గుతుందని అది నిరూపించింది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది.

హెచ్‌ఐవీ చికిత్సతో మరో కారణం వెలుగులోకి వచ్చింది. ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1న ఉచిత ఏఆర్‌టీ మందులు ప్రారంభించింది. తొలి విడత రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈ మందులతో సీడీ4 కణాలు పెరిగి, రోగనిరోధక శక్తి తిరిగి వస్తుంది. కొద్దిమందిలో మాత్రం, తరచుగా ఒకటి రెండేళ్ల తరవాత, ఆ శక్తే సొంత థైరాయిడ్ గ్రంథిపై తిరగబడుతుంది. దీనివల్ల వచ్చేదే గ్రేవ్స్ వ్యాధి. బరువు తగ్గడం, గుండెదడ, చేతుల వణుకు దీని లక్షణాలు.

ఇక్కడ ఒక ప్రమాదాన్ని గమనించండి. హెచ్‌ఐవీ ముదిరినా బరువు తగ్గుతుంది. అందువల్ల మందు పనిచేయడం లేదనుకొని రోగి దానిని మానివేయవచ్చు. నిజానికి మందు పనిచేసినందువల్లనే ఈ స్థితి ఏర్పడింది. థైరాయిడ్ రక్తపరీక్షతో తేడా తెలుస్తుంది. ఏఆర్‌టీ కొనసాగిస్తూనే థైరాయిడ్‌కు విడిగా చికిత్స చేస్తారు. అయోడిన్ ఉప్పు గ్రేవ్స్ వ్యాధిని నయం చేయదు. ఒక కాలంలో నిరూపితమైన కారణాన్ని మరో కాలపు వ్యాధికి పరీక్షించకుండా అన్వయించరాదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.