మోకాటి వెలుపలి కట్టు

మోకాలు బెణికినదన్నచో మన యిండ్లలో కాపడము పెట్టి, గుడ్డ చుట్టి, నాలుగు నాళ్లు చూతమందురు. ఆ బెణుకునే పారిస్ నగరమున పాల్ సెగోండ్ అను యువ శస్త్రవైద్యుడు 1879లో పరిశోధనకు గైకొనెను. బెణికిన మోకాటిలో నెత్తురేల చేరును? ఇది ఆతని ప్రశ్న.

ఆతడు మృతదేహముల మోకాళ్లను మడచి, కాలిని లోపలికి బలముగా మెలిపెట్టి చూచెను. వెలుపలి వైపున, కాలి పెద్దయెముక పైయంచు నుండి, చిన్న పెచ్చొకటి ఊడివచ్చెను. దానిని లాగినది ముత్యపు కాంతిగల గట్టి నారపట్టె యని ఆతడు వ్రాసెను. రాంట్జెన్ ఎక్స్-కిరణములను కనుగొనినది 1895లో. అంతకు పదునారేండ్లు ముందే సెగోండ్ చేతితోను కత్తితోను ఈ సంగతి గ్రహించెను. నేటికిని దానిని సెగోండ్ భగ్నమనియే వ్యవహరింతురు.

ఎక్స్-రే పటమున ఆ పెచ్చు గోరంత. కాని అది కనబడిన మోకాటిలో, నడుమ కత్తెరవలె అమరిన లిగమెంట్లలో ముందరిది తరచుగా తెగియుండునని తరువాతి వైద్యులు తెలిసికొనిరి. ఇక నారపట్టె మాట. 2013లో బెల్జియము దేశపు లూవెన్ వైద్యులు 41 మోకాళ్లను పరీక్షించి, 40టిలో దానిని వేరుగా గుర్తించి వర్ణించిరి. క్రొత్త లిగమెంటు దొరికెనని పత్రికలు చాటగా, నూటముప్పదినాలుగేండ్ల పాతదానికి ఇంత సందడియా యని మేము నవ్వుకొంటిమి. పెచ్చును లాగునది ఇదియేనా యను వాదము మాత్రము ఇంకను తెగలేదు.

ఆ వెలుపలి వైపుననే, తొడయెముక నుండి కాలి సన్నయెముక తలవరకు, త్రాడువంటి మరియొక కట్టు కలదు. దాని వెనుకటి మూలను శస్త్రవైద్యులు చిరకాలము మోకాటి చీకటి దిక్కనిరి. పరీక్ష చేతితోనే జరుగును. మోకాటిని 30 డిగ్రీలు మడచి, కాలిని లోపలి ప్రక్కకు నెట్టగా వెలుపల సందు విచ్చినచో త్రాడు తెగినట్లు. కాలు చాచినప్పుడును విచ్చినచో లోతు కట్లును చెడినట్లు. 1980లో అమెరికా వైద్యులు హ్యూస్టన్, నార్వుడ్‌లు మరియొకటి వివరించిరి: వెల్లకిల పరుండిన రోగి కాలి బొటనవ్రేళ్లను పట్టి పైకెత్తగా, గాయపడిన మోకాలు వెనుకకు వంగి, కాలు వెలుపలికి తిరుగును.

ఈ మూలను గమనింపక నడిమి లిగమెంటును మాత్రమే క్రొత్తగా అమర్చినచో, భారమంతయు దానిపై బడి అదియు తెగు ప్రమాదము కలదు. కొంత మాత్రమే చిరిగిన కట్టు పట్టీతోను వ్యాయామముతోను అతుకుకొనును. పూర్తిగా తెగి, మూల యంతయు వదులైనచో, మొదటి మూడు వారములలో శస్త్రచికిత్స మేలు. సన్నయెముక తలకు ఆనుకొనియే పాదమును పైకెత్తు నరము పోవును. కావుననే అనుభవజ్ఞుడైన వైద్యుడు మోకాటిని తాకకమునుపే, పాదమును పైకెత్తి చూపుమని రోగి నడుగును.