సముద్రం అవతలి స్టేషన్

మా నానమ్మకి రేడియో అంటే రెండు స్టేషన్లు. ఒకటి పొద్దున్నపూట వినే ఆకాశవాణి విశాఖపట్నం. రెండోది రాత్రిపూట ముల్లు మెల్లగా తిప్పుతూ, గరగరల మధ్య వెతికి పట్టుకునే క్రైస్తవ స్టేషన్. అదెక్కడిదే అంటే "సముద్రం అవతలిదిరా" అనేది. సిరిపురంలో రేడియో స్టేషన్ పెట్టుకుని, వాక్యం వినడానికి సముద్రం అవతలికి ఎందుకు చెవి పెట్టాలి? ఈ ప్రశ్న నాకు ఇంజనీరింగ్ అయిపోయాక గానీ తట్టలేదు.

అమెరికాలో ఇది విచిత్రమేం కాదు. షికాగోలో మూడీ బైబిల్ ఇన్‌స్టిట్యూట్ అనే మత విద్యాసంస్థ 1926లోనే డబ్ల్యూఎంబీఐ అనే సొంత స్టేషన్ మొదలుపెట్టింది. శ్రోతల చందాలే దానికి ఆధారం. విశాఖలో చర్చి బళ్ళకి కొదవా? సెయింట్ అలోషియస్ 1847 నుంచీ ఉంది. కానీ ఇక్కడ బడి పెట్టొచ్చు, ప్రెస్సు పెట్టొచ్చు, ట్రాన్స్‌మిటర్ మాత్రం పెట్టకూడదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఆ హక్కుని ప్రభుత్వం చేతిలోనే ఉంచింది.

అందుకే తెలుగు క్రైస్తవ రేడియో దీవులు పట్టుకుంది. ఫెబా రేడియో 1970లో సీషెల్స్ నుంచి మొదలైంది. దాని ఏంటెనాలు మాహే తీరంలో పగడపు దిబ్బ మీద నిలబడి ఉండేవి. ఉప్పునీరు విద్యుత్తుకి మంచి వాహకం కాబట్టి సిగ్నల్ ఆకాశంలోకి వృథాగా పోకుండా, తక్కువ కోణంలో చాలా దూరం వెళ్ళేది. అటు తూర్పున, 1969లో మొదలైన కేథలిక్కుల రేడియో వెరితాస్ ఆసియా ఫిలిప్పీన్స్ నుంచి వచ్చేది. మ్యాప్‌లో కొలిచి చూశాను. వైజాగ్ నుంచి రెండూ దాదాపు నాలుగు వేల కిలోమీటర్లే.

తమాషా ఏంటంటే గొంతులు మనవాళ్ళవే. కార్యక్రమాలు ఇక్కడ, బెంగళూరులోనో సికింద్రాబాద్‌లోనో రికార్డయ్యేవి. టేపులు సముద్రం దాటి వెళ్ళేవి, మాటలు గాలిలో తిరిగొచ్చేవి.

మరి శ్రోతల మద్దతు? ఇవ్వగలిగినవాళ్ళు చందా ఇచ్చారేమో. మా నానమ్మలాంటి వాళ్ళు ఇచ్చింది పోస్టుకార్డు. షార్ట్‌వేవ్ స్టేషన్‌కి తనని ఎవరు వింటున్నారో తెలియదు. ఏ ఊళ్ళో వినిపించింది, ఎంత స్పష్టంగా వినిపించింది అన్నది ఉత్తరం వస్తేనే తెలిసేది. మాలాంటి ప్రోగ్రామర్ల భాషలో చెప్పాలంటే, ఆ కార్డే సర్వర్ లాగ్.

నానమ్మది స్టీల్‌ప్లాంటు కింద పోయిన ఊళ్ళలో ఒకటి. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత ఒక్కొక్క ఊరూ ఖాళీ అయింది. గాజువాక వైపు కాలనీకి వచ్చాక కూడా ఆవిడ కార్డు మీద తన పేరు కింద పాత ఊరి పేరే రాయించేది. ఒక రాత్రి ఆ కార్డు రేడియోలో చదివారట. "మన ఊరు పేరు సదివినార్రా!" అని చచ్చిపోయేదాకా చెప్పుకుంది. అప్పటికి నేల మీద ఆ ఊరు లేదు.

నేను భక్తుణ్ణి కాను. ఆ ప్రసంగాల్లో చాలావాటితో నాకు పేచీ ఉంది. మతం చేతికి మైకిస్తే ఏమవుతుందోనన్న ప్రభుత్వ భయాన్ని కూడా కొట్టిపారెయ్యను. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు అన్నాక కూడా, 2005 నాటి ప్రైవేటు ఎఫ్ఎం విధానం మతసంస్థల అధీనంలోని కంపెనీలని పక్కన పెట్టింది. కాలేజీల కమ్యూనిటీ రేడియోలకి మాత్రం దారి దొరికింది. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. వాక్యం కోసం నానమ్మ సముద్రం అవతలికి చెవి పెట్టింది నిజమే. తన ఊరి పేరు కూడా అక్కడినుంచే వినాల్సి వచ్చింది.

సీషెల్స్ ప్రసారాలు 2003లో ఆగిపోయాయి. వెరితాస్ షార్ట్‌వేవ్ 2018 జూన్‌తో సరి. ఇప్పుడు వాక్యం యూట్యూబ్‌లో కావలసినంత. ఎంతమంది విన్నారో ఆ క్షణాన్నే అంకె కనిపిస్తుంది. ఆ అంకెలో ఊరి పేరు ఉండదు.