రైఫిల్ బుల్లెట్: ముక్కే కాదు.. తోక కూడా కీలకమే! ఆకారం, బరువు మారితే దాదాపు 2 కిలోమీటర్లు ఎక్కువ దూరం

రైఫిల్ బుల్లెట్ ఎంత దూరం వెళ్తుందనేది తుపాకీ పవర్‌ను బట్టే ఉంటుందని చాలామంది అనుకుంటారు. కానీ అదే తుపాకీలోంచి పేల్చినా సరే.. బుల్లెట్ ఆకారం, బరువు కాస్త మారితే అది పడే చోటు కిలోమీటర్ల తేడాతో మారిపోతుంది. అమెరికా సైన్యానికి ఈ సంగతి మొదటి ప్రపంచ యుద్ధంలో తెలిసొచ్చింది.

అంతకుముందు బుల్లెట్లకు గుండ్రటి, మొద్దు ముక్కు ఉండేది. 1898లో ఫ్రాన్స్ తన లెబెల్ రైఫిల్ కోసం సూదిగా ఉండే కొత్త బుల్లెట్ తెచ్చింది. వెనక భాగం కూడా సన్నబడుతూ వస్తుంది. దీన్నే బోట్ టెయిల్ అంటారు. లోపల సీసం లేదు, మొత్తం రాగి, జింకు కలిసిన ఇత్తడే. అయితే ఓ చిక్కు వచ్చింది. లెబెల్‌లో తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వెనక తూటా మొన ముందున్న తూటా ప్రైమర్‌ను పొడిస్తే పేలిపోదూ! అందుకే తూటా అడుగున మొన ఆనేలా ఓ గాడి చెక్కారు.

అమెరికా కూడా 1906లో సూది ముక్కుకు మారింది. బరువు 150 గ్రెయిన్లు, అంటే దాదాపు 9.7 గ్రాములు. తోక మాత్రం బల్లపరుపుగానే వదిలేశారు. ఇది 4,700 గజాల దాకా వెళ్తుందని పట్టికల్లో రాసుకున్నారు. మెషిన్ గన్నులతో దూరం నుంచి కాల్పులు జరిపేటప్పుడు ఆ లెక్కలే ఆధారం. తీరా పరీక్షిస్తే 3,400 గజాల దగ్గరే పడిపోతోంది!

ఎందుకంటే.. ధ్వని కంటే వేగంగా వెళ్తున్నంతసేపు గాలిని చీల్చే పని ప్రధానంగా ముక్కుదే. వేగం తగ్గేకొద్దీ సీన్ మారుతుంది. బుల్లెట్ వెనక ఏర్పడే తక్కువ పీడనం దాన్ని వెనక్కి లాగుతుంది. తోక సన్నగా ఉంటే ఆ లాగుడు తగ్గుతుంది. దగ్గరి గురికి ఈ తేడా పెద్దగా కనిపించదు, దూరం పెరిగితేనే బయటపడుతుంది.

దాంతో 1920ల మధ్యలో 174 గ్రెయిన్ల బోట్ టెయిల్ బుల్లెట్ వచ్చింది. ఇది ఏకంగా 5,500 గజాల దాకా వెళ్లింది. అక్కడే ఇంకో తలనొప్పి! చాలా ఫైరింగ్ రేంజ్‌ల భద్రతా హద్దులు దాటే ప్రమాదం వచ్చిపడింది. చివరికి 1930ల చివర్లో సైన్యం మళ్లీ తేలికపాటి, బల్లపరుపు తోక బుల్లెట్‌కే వెళ్లింది. మంచి డిజైన్‌ను జాగా చాలక పక్కన పెట్టారన్నమాట.

ఇక లోహం సంగతి. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు, రాగిది 8.9 మాత్రమే. పూర్తి రాగితో అదే బరువు, అదే మందంతో బుల్లెట్ చేయాలంటే పొడవు పెంచక తప్పదు. పొడవైన బుల్లెట్ తిన్నగా వెళ్లాలంటే మరింత వేగంగా బొంగరంలా తిరగాలి. అంటే గొట్టం లోపలి మెలికల గాళ్లు మరింత దగ్గరగా ఉండాలి. పాత రైఫిల్లో కొత్త రాగి బుల్లెట్ వేస్తే గురి చెదిరేది ఇందుకే.

అలాగని సూది ముక్కే అన్నిచోట్లా గొప్ప కాదు. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో వాడే పెల్లెట్‌కు ముందు భాగం బల్లపరుపుగా ఉంటుంది. అంత దగ్గర్లో గాలి సమస్యే కాదు, కాగితంపై రంధ్రం శుభ్రంగా పడితే స్కోరు లెక్క తేలిక.

దూరపు బుల్లెట్లకు ఇప్పుడు ప్లాస్టిక్ మొనలూ వచ్చాయి. వీటిలో కొన్ని గాలి రాపిడి వేడికి మధ్యలోనే కరుగుతున్నాయని 2015లో అమెరికా కంపెనీ హార్నడీ తన రాడార్ పరీక్షల ఆధారంగా చెప్పింది. ఆ తర్వాత వేడిని తట్టుకునే మొనలను మార్కెట్లోకి తెచ్చింది.