‘సో’ అనే ఐగుప్తు రాజు: ఒక నామచర్చ

హీబ్రూ లేఖనాలలో ‘సో’ అన్న రాజు పేరు ఒక్కసారి మాత్రమే, రాజుల రెండవ గ్రంథం 17వ అధ్యాయంలో, కనిపిస్తుంది. ఇశ్రాయేలు చివరి రాజు హోషేయ అష్షూరు రాజు షల్మనేసెరుకు కప్పం చెల్లించడం మాని, ఐగుప్తు రాజైన ‘సో’ వద్దకు దూతలను పంపాడు. ఆ రాయబారం బయటపడి హోషేయ చెరసాల పాలయ్యాడు. 3 సంవత్సరాల ముట్టడి అనంతరం సమరియ పతనమైంది. ఒక రాజ్యం అంతరించిన సందర్భంలో ప్రస్తావనకు వచ్చిన ఈ రాజెవరో ఐగుప్తు శాసనాలు చెప్పవు. ఆ పేరు గల ఫరో వాటిలో లేడు.

మూలంలో ఉన్నవి సామెఖ్, వావ్, ఆలెఫ్ అనే మూడు అక్షరాలే. అచ్చుల గుర్తులు అనేక శతాబ్దాల తరువాత మసోరెతు పండితులు చేర్చినవి. కనుక ఆ హల్లులను ‘సేవె’ అని కూడా చదవవచ్చు. గ్రీకు అనువాద ప్రతులు సైతం ఏకీభవించవు. ఒక శాఖకు చెందిన ప్రతులలో ఈ పేరుకు బదులు ఇథియోపియుడైన అద్రమ్మెలెకు దర్శనమిస్తాడు. అదే అధ్యాయంలో కొంత దిగువన ఆ పేరుతో ఒక దేవత ఉన్నందున, ఇది లేఖకుల పొరపాటుగానే తోస్తుంది. తెలుగు బైబిలు మసోరెతు సంప్రదాయాన్ని అనుసరించి ‘సో’ అన్నది. హల్లుతోపాటు అచ్చునూ రాయక తప్పని మన లిపిలో మూలంలోని సందిగ్ధత పూర్తిగా మరుగున పడింది.

‘సేవె’ అన్న పఠనానికి చాలాకాలం బలం చేకూర్చినది అష్షూరు రాజు రెండవ సర్గోను వార్షిక శాసనం. క్రీ.పూ. 720లో రఫియా వద్ద అతనితో పోరాడిన ఐగుప్తు సేనాపతి పేరును పండితులు ‘సిబ్‌ఎ’ అని చదివి, హీబ్రూ ‘సేవె’ అతడేనన్నారు. సేనాపతిని రాజు అనడం ఎట్లా పొసగుతుందన్న ప్రశ్న ఉన్నా, ధ్వనిసామ్యం దానిని కప్పివేసింది.

1960లో రికెలె బోర్గర్ ఆ పఠనాన్నే త్రోసిపుచ్చాడు. క్యూనిఫాం లిపిలో ఒకే చిహ్నం ఒకచోట ధ్వనికి, మరొకచోట మొత్తం పదానికి సంకేతమవుతుంది. ‘సిబ్’ అని చదివిన చిహ్నానికి పదంగా ‘గొర్రెల కాపరి’ అని అర్థం. అక్కదు భాషలో కాపరిని ‘రేఊ’ అంటారు. అందువల్ల ఆ పేరు ‘రెఎ’ అవుతుంది. మంద దోపిడికి గురైన కాపరివలె ఆ సేనాపతి ఒంటరిగా పారిపోయాడని శాసనమే వర్ణిస్తుంది. ‘సిబ్‌ఎ’ అని చదివితే అది కేవలం ఉపమ. ‘రెఎ’ అని చదివితే శత్రువు పేరుపై విసిరిన శ్లేష. శాసనకర్త పరిహాసం ఇక్కడ చరిత్రకారునికి ప్రమాణమైంది. అలంకారాన్ని అతిశయోక్తిగా భావించి ప్రక్కన పెట్టే శాసన పరిశోధకులు ఈ ఉదాహరణను గమనించవలసి ఉంది.

ఆ ఆధారం తొలగాక 1963లో హాన్స్ గోడికె మరో మార్గం చూపాడు: ‘సో’ వ్యక్తి కాదు, నైలు డెల్టాలోని సాయిస్ నగరం, అక్కడి పాలకుడు తెఫ్‌నఖ్త్. ఆల్‌బ్రైట్ దీనిని సమర్థించాడు. అయితే వాక్యం ‘సాయిస్‌కు, ఐగుప్తు రాజు వద్దకు’ అని అన్వయించాలంటే మూలంలో లేని ఒక విభక్త్యర్థక పదాన్ని చేర్చవలసి వస్తుంది. పైగా సాయిస్ డెల్టాకు పశ్చిమాన ఉన్నది. ఇశ్రాయేలు దూతలకు చేరువైనది తూర్పు డెల్టా.

ఆ ప్రాంతాన్ని ఏలినవాడు నాలుగవ ఒసొర్కోను. ‘సో’ అతని పేరుకు సంక్షిప్త రూపమని కెన్నెత్ కిచెన్ ప్రతిపాదన. రామెసెసు పేరు ఐగుప్తులోనే ‘సెసె’గా కుదించబడినందున ఇది అసంభవం కాదు, మూలాన్ని సవరించనక్కరలేదు గనుక సాయిస్ వాదం కంటె మెరుగైనది కూడా. కాని ఒసొర్కోను పేరు అట్లా కుదించబడిన దాఖలా వేరే లేదు. క్రీ.పూ. 716 నాటి అష్షూరు శాసనంలో అతడుగా భావింపబడుతున్న రాజు ‘షిల్కన్ని’. ఇందులో తొలి అచ్చు లోపించిందే గాని చివరి భాగం నిలిచే ఉంది. ఆ శాసనం ప్రకారం అతడు సర్గోనుకు 12 గుర్రాలను కానుకగా పంపాడు.