బస్సుకై వేచిన నగరము

నగరవాసి ప్రతిదినము బస్సెక్కునా, స్వంత వాహనము కొనునా అను ప్రశ్నకు మనము సామాన్యముగ టిక్కెట్టు ధరను, దూరమును లెక్కించి సమాధానము చెప్పుదుము. ఢిల్లీ నగరపు రవాణా చరిత్రను పరిశీలించినచో ఈ లెక్క చాలదని తేలుచున్నది.

1948లో కేంద్ర ప్రభుత్వము గ్వాలియర్ అండ్ నార్దరన్ ఇండియా ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ నుండి నగర బస్సులను స్వాధీనము చేసికొనెను. అవి 1958లో మునిసిపల్ కార్పొరేషనునకును, 1971లో ఢిల్లీ ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషనునకును చేతులు మారెను. స్టాపులో నిలిచినవానికి యజమాని యెవరైనను ఒకటే. బస్సు ఎప్పుడు వచ్చుననునదే వాని చింత.

బండిలో గడచిన నిమిషముకన్న బండికై వేచిన నిమిషము మనసునకు సుమారు రెండింతలు దీర్ఘముగ తోచునని ఈ విషయమును శోధించినవారు చెప్పుదురు. రాక అనిశ్చితమైనచో అది మరింత దీర్ఘము. సచివాలయ ఉద్యోగులు ఆదరించిన చార్టర్డ్ బస్సులే ఇందుకు నిదర్శనము. నెలసరి రుసుము సర్కారు బస్సు పాసుకన్న హెచ్చు. ఐనను వేళ నిశ్చయము, సీటు నిశ్చయము, ప్రక్కన కూర్చున్నవారు ఎరిగినవారు. ఇరువురు తెలుగువారు కలిసిరా, ఊరి ముచ్చటలకు దారి చాలెడిది కాదు.

గౌరవము మరియొక కారణము. స్కూటరు కొరకు సంవత్సరముల తరబడి వేచిన గుమాస్తాయే బస్సు కొరకు పది నిమిషములు వేచుటకు విసుగుకొనెడివాడు! మొదటి నిరీక్షణకు జాబితాలో స్థానమున్నది, చివర ఇరుగుపొరుగుల మెప్పున్నది. రెండవదానికి త్రోపులాట తప్ప మరేమియు లేదు.

1992లో ప్రవేశించిన ప్రైవేటు రెడ్‌లైన్ బస్సుల పరుగుపందెములు ప్రమాదభీతిని కలిగించెను. స్త్రీల భయము వేరు. అది కిక్కిరిసిన బస్సులోను, చీకటి స్టాపులోను పుట్టినది. 2012 డిసెంబరు 16 నాటి దారుణము ఆ భయమును దేశమంతయు ఎరుగునట్లు చేసెను.

ఈ నేపథ్యమున మెట్రో విజయమును చూడవలెను. 2002 డిసెంబరు 24న షాహ్‌దరా, తీస్ హజారీల నడుమ అది ప్రారంభము కాగా, పనిలేనివారు సైతము ఎక్కి చూచుటకు విరగబడి వచ్చిరి. వింత తీరిన పిదప వారిని నిలిపినది వేగము మాత్రమే కాదు. తరువాతి బండి ఎన్ని నిమిషములకు వచ్చునో ఫలకము చెప్పును. పరిశుభ్రమైన స్టేషనులో గుమాస్తాకును, అధికారికిని ఒకే మర్యాద. 2010 అక్టోబరు 2 నుండి మొదటి పెట్టె స్త్రీలకు ప్రత్యేకించబడెను. ధర అప్రధానమని నా భావము కాదు: 2017లో రెండుమారులు రుసుము పెంచగా ప్రయాణికులు తగ్గిరి; 2019 అక్టోబరు 29న బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కల్పింపగా ఎందరికో గడప దాటుట సులభమయ్యెను.

ఐనను టిక్కెట్టు లేని బస్సునకును స్టాపు వరకు నడువవలసినదే. రాత్రి పొద్దుపోయి ఆఫీసు విడుచు ఉద్యోగిని మొదట తలచునది రైలును గూర్చి కాదు. స్టేషను దిగినపిదప ఇంటికి మిగిలిన ఆ అరమైలు దారిలో దీపములు వెలుగుచున్నవా అని.